ఎర్రర్ రాకుండానే తప్పు జవాబు: పైథాన్ ఆపరేటర్లను ఎలా చదవాలి

మీ ప్రశ్నలో మూడు చిక్కులున్నాయి. పైథాన్‌లో 8 / 2 అంటే 4 రాకుండా 4.0 ఎందుకొస్తోంది? -7 // 2 కి -3 రావాల్సింది పోయి -4 ఏమిటి? మెనూలో 1 గానీ 2 గానీ కొడితేనే లోపలికి పంపాలని కింది షరతు రాస్తే, ఏది కొట్టినా పంపేస్తోంది, ఎందుకని?

```
సమాధానం = ఇన్‌పుట్("1 లేదా 2: ")
ఇఫ్ సమాధానం == 1 ఆర్ 2:
```

ముందుగా ఒక మాట. ఇక్కడ కీవర్డులు, ఫంక్షన్ పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను. కోడ్‌లో వాటిని ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి. వేరియబుల్ పేర్లు మాత్రం పైథాన్ 3లో తెలుగులో పెట్టుకున్నా నడుస్తాయి. కాకపోతే పొల్లు పక్క అక్షరం ఒత్తుగా కిందికి దిగకుండా పెట్టే కనిపించని గుర్తు పేరు మధ్యలో పడితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. కళ్లకు కనిపించదు కాబట్టి దాన్ని వెతికి పట్టుకోవడం కష్టం. అలాంటి పేర్లు పెట్టకండి.

మీ మూడు చిక్కుల్లోనూ ఎర్రర్ రాలేదు, గమనించండి. ఎర్రర్ వస్తే తప్పు ఏ లైన్లో ఉందో పైథానే చెబుతుంది, అక్కడికి వెళ్లి సరిచేసుకుంటాం. ఆపరేటర్లతో (లెక్క, పోలిక చేసే గుర్తులతో) ఎక్కువగా జరిగేది అది కాదు: తప్పు విలువ తయారవుతుంది, ప్రోగ్రామ్ ఏమీ అనకుండా ముందుకు పోతుంది, ఎక్కడో యాభై లైన్ల కింద లెక్క తేడా కొడుతుంది. అందుకే ఎక్స్‌ప్రెషన్ (విలువలు, గుర్తులు కలిసిన లెక్క) చదివేటప్పుడు మూడు సంగతులు చూడాలి. గుర్తుకు అటూ ఇటూ ఉన్న విలువలు ఏ టైపువి? ఏ గుర్తు ముందు పనిచేస్తుంది? చివరికి చేతికొచ్చే విలువ ఏ టైపు?

భాగహారం

పైథాన్ 3లో రెండు మామూలు సంఖ్యల మధ్య / పెడితే వచ్చేది ఎప్పుడూ ఫ్లోటే (దశాంశ బిందువున్న సంఖ్యే). నిశ్శేషంగా భాగం పోయినా అంతే, 8 / 2 అంటే 4.0. పైథాన్ 2లో రెండు ఇంటీజర్ల (పూర్ణసంఖ్యల) మధ్య / పెడితే ఇంటీజరే వచ్చేది, 7 / 2 అంటే 3. ఆ వెర్షన్‌కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది గానీ దాని కోసం రాసిన పాఠాలు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. మీరు చదివే పాఠంలో 7 / 2 జవాబు 3 అని ఉంటే అది పాత పాఠమని గుర్తు. సీ, జావా భాషల్లో మాత్రం రెండు ఇంటీజర్లయితే ఇవాళ్టికీ 3 మాత్రమే వస్తుంది.

ఈ 4.0 ఊరికే ప్రింట్ చేస్తే నష్టం లేదు. దాన్నే లిస్ట్ ఇండెక్స్‌గా వాడినా, రేంజ్‌కు ఇచ్చినా టైప్ఎర్రర్ వస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని ఇంట్(8 / 2) అని చుట్టేయడం. చిన్న సంఖ్యలకు పనిచేస్తుంది, పెద్దవాటికి మోసం చేస్తుంది. 9007199254740993 / 1 కొట్టి చూడండి, 9007199254740992.0 వస్తుంది. ఒకటితో భాగిస్తే ఒకటి తగ్గింది! ఫ్లోట్‌లో సంఖ్యకు దక్కేది 53 బిట్ల కచ్చితత్వమే. 2 ** 53 (2కి 53వ ఘాతం) దాటాక ప్రతి పూర్ణసంఖ్యకూ అందులో చోటుండదు. ఇంటీజర్ జవాబు కావాలంటే మొదటి నుంచీ // వాడండి, మధ్యలో ఫ్లోట్ రానివ్వకండి.

ఇక // సంగతి. దీన్ని “దశాంశ భాగాన్ని కత్తిరించేది” అని నేర్పుతుంటారు, అక్కడే తప్పు మొదలవుతుంది. ఇది కత్తిరించదు, కిందికి దించుతుంది. సంఖ్యారేఖ మీద -3.5కి ఎడమ పక్కన తగిలే మొదటి పూర్ణసంఖ్య -4, అందుకే -7 // 2 అంటే -4. సీ, జావా సున్నా వైపు కత్తిరిస్తాయి, వాటిలో -3 వస్తుంది. ధన సంఖ్యలకు రెండు పద్ధతుల్లోనూ ఒకే జవాబు కాబట్టి మైనస్ వచ్చేదాకా ఈ తేడా బయటపడదు.

పైథాన్ ఇలా ఎందుకు చేస్తుందో శేషం ఇచ్చే % గుర్తు చూస్తే తెలుస్తుంది. ఇంటీజర్ల విషయంలో ఈ సమానత్వం ఎప్పుడూ నిలవాలి:

```
(భాజ్యం // భాజకం) * భాజకం + భాజ్యం % భాజకం == భాజ్యం
```

భాగఫలం -4 అయితే -4 * 2 = -8; -7 రావాలంటే శేషం 1. అంటే పైథాన్‌లో శేషం గుర్తు భాజకాన్ని అనుసరిస్తుంది, భాజకం ధనమైతే శేషం ఎప్పుడూ రుణం కాదు. సీలో భాగఫలం -3 కాబట్టి శేషం -1. గడియారం లెక్కల్లో పైథాన్ పద్ధతి విలువ బాగా తెలుస్తుంది. 2 గంటలకు 5 గంటల ముందు ఎంతయింది? (2 - 5) % 12 అంటే 9, సరైన జవాబు. అదే లెక్క సీలో -3 ఇస్తుంది, పైన 12 కలిపి మళ్లీ శేషం తీయాలి. (12 గంటలకు మాత్రం 0 వస్తుంది, చూపించేటప్పుడు దాన్ని 12గా మార్చుకోవాలి.)

దీని వల్లే ఇంకో చోట దెబ్బ తగులుతుంది. బేసి సంఖ్యా కాదా అని చూడటానికి సంఖ్య % 2 == 1 అని రాస్తాం. పైథాన్‌లో -7కి కూడా నిలుస్తుంది. అదే కోడ్ జావాలోకి మారిస్తే -7 % 2 విలువ -1 అవుతుంది, బేసి సంఖ్య బేసి కాకుండా పోతుంది. సంఖ్య % 2 != 0 అని రాస్తే ఎక్కడైనా నడుస్తుంది, మొదటి నుంచీ అదే అలవాటు చేసుకోండి.

// తో రోజూ పడే పని ఇంకొకటుంది. 53 వరుసలున్నాయి, పేజీకి 10 చొప్పున, ఎన్ని పేజీలు? 53 // 10 అంటే 5, చివరి మూడు వరుసలకు పేజీ లేదు. (53 + 9) // 10 అంటే 6. కలపాల్సింది పేజీ సైజు కన్నా ఒకటి తక్కువ, 10 కాదు. 10 కలిపితే సరిగ్గా 50 వరుసలున్నప్పుడు 5 బదులు 6 వచ్చి చివర ఖాళీ పేజీ తేలుతుంది. సరిచూసుకోవడానికి 0, 1, 10, 11 వరుసలతో నడిపి చూడండి. హద్దుల దగ్గర సరిపోతే మధ్యలో సరిపోతుంది.

ఫ్లోట్‌ల మీద //, % వాడకపోవడమే మేలు. 1 // 0.1 అంటే 10.0 కాదు, 9.0. శేషం 0.09999999999999995. 0.1 ని బైనరీలో కచ్చితంగా రాయలేం, మెషీన్లో నిలిచేది 0.1 కన్నా వెంట్రుకవాసి పెద్ద విలువ. ఆ పెద్ద విలువ 1లో నిండుగా పది సార్లు పట్టదు. 0.1 + 0.2 == 0.3 ఫాల్స్ అవడానికీ మూలం ఇదే, ఎడమ పక్కన తయారయ్యేది 0.30000000000000004. ఫ్లోట్‌లను పోల్చాల్సి వస్తే == వద్దు, మ్యాథ్ మాడ్యూల్లో ఈజ్‌క్లోజ్ ఉంది. అయితే అది మామూలుగా చూసేది సాపేక్ష తేడా, సంఖ్యలో వందకోట్లో వంతు. పోల్చేది సున్నాతో అయితే సాపేక్ష తేడా పనిచేయదు, ఎంత తేడా ఒప్పుకోవాలో విడిగా చెప్పాలి. డబ్బు లెక్కలైతే అతి చిన్న నాణెంలోకి మార్చి ఇంటీజర్‌గా ఉంచుకోండి. డెసిమల్ (దశాంశాలను ఉన్నదున్నట్టు ఉంచే టైపు) వాడేటట్లయితే విలువను కోట్స్‌లో ఇవ్వండి: డెసిమల్("0.1"). కోట్స్ లేకుండా ఇస్తే పాడైన ఫ్లోట్‌నే భద్రంగా దాచినట్టవుతుంది.

ఘాతానికి గుర్తు **. స్ప్రెడ్‌షీట్ అలవాటుతో 5 ^ 2 అని రాస్తే 25 రాదు, 7 వస్తుంది. అది బిట్ల స్థాయిలో జరిగే వేరే పని. ఎర్రర్ రాకపోవడమే ఇక్కడ ప్రమాదం. ఫ్లోట్ ఉంటే మాత్రం టైప్ఎర్రర్ వచ్చి బయటపడతారు.

ఏ గుర్తు ముందు

గుణకారం, భాగహారం ముందు, కూడిక, తీసివేత తర్వాత అన్నది అందరికీ తెలుసు. అయినా సగటు లెక్కలో 80 + 60 / 2 అని రాసి 70 బదులు 110.0 తెచ్చుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. దీనికన్నా కనిపెట్టడం కష్టమైనది 12 / 2 * 3. కాగితం మీద గీత కింద 2, 3 రాసే అలవాటుతో జవాబు 2 అనుకుంటాం. సమాన స్థాయి గుర్తులు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి కాబట్టి వచ్చేది 18.0. భాజకంలో రెండు సంఖ్యలుంటే బ్రాకెట్లు తప్పనిసరి.

 ** ఒక్కటే కుడి నుంచి నడుస్తుంది: 2 ** 3 ** 2 అంటే 2 ** 9, అంటే 512. పైగా అది ముందున్న మైనస్ కన్నా బలమైనది. -3 ** 2 జవాబు -9. ముందు 3 వర్గం, తర్వాత మైనస్. కానీ // అలా కాదు, దానికన్నా మైనస్ బలమైనది. అందుకే -7 // 2 లో ముందు -7 తయారవుతుంది. -(7 // 2) అని రాస్తే -3 వస్తుంది, మీరు మొదట ఆశించింది అదే.

& గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ‘ఆండ్’ బదులు దీన్ని వాడేవాళ్లు చాలామంది. రెండు విలువలూ 6 అనుకోండి.

```
ఎత్తు > 5 & వెడల్పు > 5
```

రెండూ 5 కన్నా పెద్దవే కాబట్టి ట్రూ రావాలి. ఫాల్స్ వస్తుంది. & పోలిక గుర్తుల కన్నా ముందు పనిచేస్తుంది, కాబట్టి పైథాన్ చదివేది ఎత్తు > (5 & వెడల్పు) > 5 అని. 5 బిట్లలో 101, 6 బిట్లలో 110, రెండింట్లోనూ ఉన్నది 100, అంటే 4. ఇప్పుడు 6 > 4 > 5 అడిగినట్టయింది, 4 > 5 కాదు కాబట్టి ఫాల్స్. మామూలు షరతుల్లో ‘ఆండ్’ మాత్రమే వాడండి. పాండాస్ (పట్టికల డేటాకు వాడే లైబ్రరీ) కాలమ్‌ల మీద & తప్పదు, అక్కడ ప్రతి పోలికనూ విడిగా బ్రాకెట్లో పెట్టండి.

ఆ 6 > 4 > 5 వరుస పోలిక కూడా చూడదగ్గదే. పైథాన్‌లో 18 <= వయసు <= 60 అంటే రెండు పోలికలూ నిలవాలని అర్థం, గణితంలో రాసినట్టే. సీలో ఇదే రాస్తే ముందు పోలిక 0 గానీ 1 గానీ ఇస్తుంది, దాన్ని 60తో పోలుస్తుంది, ఎప్పుడూ నిజమే. పైథాన్‌లో ఈ సౌకర్యానికీ ఒక మెలిక ఉంది: 5 > 3 == ట్రూ విలువ ఫాల్స్. 5 > 3, ఇంకా 3 == ట్రూ అని రెండుగా విడిపోతుంది. షరతు చివర == ట్రూ తగిలించే అలవాటు మానేస్తే దీని జోలి ఉండదు.

ఒకే గుర్తు, వేరే పని

+ సంఖ్యల మధ్య కూడిక, స్ట్రింగుల (కోట్స్‌లో రాసే అక్షరాల వరుసల) మధ్య అతుకు. "5" + "3" అంటే "53". "5" + 3 అంటే టైప్ఎర్రర్, ఇది మంచిదే, ఆపి చెబుతోంది. "5" * 3 మాత్రం ఆపదు, "555" ఇస్తుంది. పోలికలు ఇంకా నిశ్శబ్దం: "10" < "9" ట్రూ. స్ట్రింగులను నిఘంటువు క్రమంలో అక్షరం పక్కన అక్షరం పోలుస్తుంది, "1" ముందు వస్తుంది కాబట్టి అక్కడే తేలిపోతుంది. ఫైల్ నుంచో కీబోర్డ్ నుంచో చదివిన మార్కులను ఇంటీజర్‌గా మార్చకుండా గరిష్ఠం వెతికితే 100 కన్నా 95 పెద్దదని వస్తుంది.

లిస్టుల మీద * వాడేటప్పుడు లోపల ఏముందో చూసుకోండి. [0] * 3 బాగానే ఉంటుంది. [[0] * 3] * 3 అంటే మూడు వరుసల పట్టిక కాదు, ఒకే వరుసకు మూడు పేర్లు. మొదటి వరుసలో ఒక గడి మారిస్తే మూడింట్లోనూ మారుతుంది. ప్రతి వరుసనూ లూప్‌లో విడిగా తయారుచేయాలి.

+= కూడా ఇలాంటిదే. సంఖ్యలకు అ += 1, అ = అ + 1 ఒకటే. లిస్టులకు కావు:

```
అ = [1, 2]
ఆ = అ
ఆ += [3]
```

ఇప్పుడు అ కూడా [1, 2, 3]. మూడో లైన్ ఆ = ఆ + [3] అయి ఉంటే కొత్త లిస్ట్ తయారై, అ అలాగే [1, 2]గా మిగిలేది. ఫంక్షన్‌కు ఇచ్చిన లిస్ట్ మీద లోపల += వాడితే బయటి లిస్ట్ మారిపోయేది ఇందుకే. టైప్ చేసేటప్పుడు గుర్తులు తారుమారై మొత్తం =+ 5 అని పడితే కూడిక జరగదు, మొత్తం విలువ +5 అయి కూర్చుంటుంది. ++లెక్క రాసినా ఎర్రర్ రాదు, ప్లస్ గుర్తు రెండుసార్లు పెట్టినట్టే. విలువ పెరగక వైల్ లూప్ ఆగదు. లెక్క++ అయితే సింటాక్స్ ఎర్రర్. పైథాన్‌లో ఆ ఆపరేటరే లేదు.

= గుర్తును సమానత్వానికి 1557లో మొదట వాడింది రాబర్ట్ రికార్డ్. ఫోర్‌ట్రాన్ దాన్ని విలువ పెట్టడానికి తీసుకుంది, తర్వాతి భాషలు చాలావరకు అదే దారి పట్టాయి, సమానమా అని అడగడానికి == అవసరమైంది. పైథాన్‌లో ఇఫ్ పక్కన ఒంటి = రాస్తే సింటాక్స్ ఎర్రర్ వచ్చి కాపాడుతుంది. సీలో అది చెల్లుతుంది, వేరియబుల్ విలువ మారిపోతుంది.

‘ఈజ్’ను == బదులు వాడకండి. అది విలువలు సమానమా అని కాదు, రెండు పేర్లూ ఒకే వస్తువువా అని అడుగుతుంది. సీపైథాన్ (మనం మామూలుగా వాడే పైథాన్) చాలా వెర్షన్లలో -5 నుంచి 256 దాకా ఇంటీజర్లను ముందే తయారుచేసి పెట్టుకుంటుంది, అందుకే చిన్న సంఖ్యలతో పరీక్షిస్తే ‘ఈజ్’ పనిచేసినట్టే కనిపించి, లెక్క చేసి తెచ్చిన 257 దగ్గర తప్పుతుంది. విలువ ఏమీ లేదని తెలిపే ‘నన్’తో పోల్చడానికి మాత్రం ‘ఈజ్’ సరైనది.

మీ మెనూ షరతు

సమాధానం == 1 ఆర్ 2 లో == ముందు, ‘ఆర్’ తర్వాత. అంటే (సమాధానం == 1) ఆర్ 2. ‘ఆర్’ ట్రూ, ఫాల్స్‌లే ఇవ్వాలని లేదు. ఎడమ పక్కది నిజంగా చెల్లితే దాన్నే ఇస్తుంది, లేకపోతే కుడి పక్కదాన్ని ఉన్నదున్నట్టు ఇస్తుంది. ఇక్కడ పోలిక నిలవకపోతే చేతికొచ్చేది 2. సున్నా కాని సంఖ్య ఏదైనా ‘ఇఫ్’ దృష్టిలో నిజమే, కాబట్టి అందరూ లోపలికి. (మార్కులు = ఇచ్చినవి ఆర్ 35 లాంటి వాడకంలో ఇదే లక్షణం ఎదురుతిరుగుతుంది: నిజంగా 0 వచ్చిన విద్యార్థికి 35 పడతాయి.)

దీన్ని సరిచేయబోయి సమాధానం == (1 ఆర్ 2) అని బ్రాకెట్ పెడతారు. 1 ఆర్ 2 అంటే 1 కాబట్టి 2 ఎప్పటికీ చెల్లదు. ఇంకొందరు తిప్పి, “తప్పు ఎంపిక” చూపడానికి సమాధానం != 1 ఆర్ సమాధానం != 2 అంటారు. ఏ సంఖ్యా ఒకేసారి 1, 2 రెండూ కాలేదు కాబట్టి ఇది ఎప్పుడూ నిజం. అక్కడ ఉండాల్సింది ‘ఆండ్’.

సరైన రూపం సమాధానం == 1 ఆర్ సమాధానం == 2. కానీ మీ కోడ్‌లో ఈ మార్పు చేయగానే ఇంకో వింత జరుగుతుంది: ఇంతవరకు అందరినీ పంపిన షరతు ఇప్పుడు ఎవరినీ పంపదు. ఇన్‌పుట్ ఇచ్చేది స్ట్రింగ్, "1" == 1 ఫాల్స్. మొదటి తప్పు ఈ రెండో తప్పును ఇన్నాళ్లూ కప్పిపెట్టింది. కాబట్టి పోల్చేది కూడా స్ట్రింగులతోనే:

```
సమాధానం = ఇన్‌పుట్("1 లేదా 2: ").స్ట్రిప్()
ఇఫ్ సమాధానం ఇన్ ("1", "2"):
```

స్ట్రిప్ అటూ ఇటూ ఖాళీలు తీసేస్తుంది. బ్రాకెట్లో కామా పెట్టి రెండు విడి స్ట్రింగులుగా రాయడం ముఖ్యం. పొట్టిగా ఉంటుందని ఇన్ "12" అని రాస్తే అది ముక్క వెతుకులాట అవుతుంది: 12 అని కొట్టినా చెల్లుతుంది, ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కినా చెల్లుతుంది, ఎందుకంటే ఖాళీ స్ట్రింగ్ ప్రతి స్ట్రింగ్‌లోనూ ఉన్నట్టే లెక్క.

ఇంట్(సమాధానం) అని మార్చి సంఖ్యలతో పోల్చడం ఇంకో దారి. అప్పుడు అక్షరాలు కొట్టినా, ఖాళీగా వదిలినా వాల్యూఎర్రర్ వస్తుంది, దాన్ని ట్రై, ఎక్సెప్ట్‌తో పట్టుకోవాలి. మీ మెనూకు స్ట్రింగ్ పోలికే తేలిక. ఒక్క సందర్భంలో ఇంట్ మెరుగు: వాడేవాళ్ల కీబోర్డ్ తెలుగు అంకెలు కొడుతుంటే ఇంట్("౨") సరిగ్గా 2 ఇస్తుంది, "౨" == "2" మాత్రం ఫాల్స్.